గీత ఆరేదాకా

మోచేతుల దాకా నూనె రాసుకుని మా బావ సున్నం వడకడుతున్నాడు. తొట్టి మూతికి పాత దుప్పటి గుడ్డ బిగించి, చెంబుతో సున్నపునీళ్లు పోస్తూ, గుడ్డ మీద మిగిలిన పలుకుల్ని బొటనవేలితో నలుపుతున్నాడు. నలిగినవి తొట్టిలోకి, నలగనివి గోడ అవతలికి. నూనె లేకపోతే సున్నం చెయ్యి తినేస్తుంది. వడకట్టకపోతే పలుకొచ్చి గీతలు గీసే బండి గొట్టంలో అడ్డం పడుతుంది, అక్కడ గీత తెగుతుంది. తెగినచోట మళ్లీ గీస్తే అతుకు కనబడుతుంది. అతుకు కనబడిన రోజు మా బావ అన్నం సరిగ్గా తినడు.

ఆయన బడిలో ఆటస్థలం చూసుకునే మనిషి. ఉద్యోగం కాగితంలో ఏమని రాసి ఉందో ఆయనకే గుర్తులేదు. పిల్లలు మాత్రం సున్నం బాబాయ్ అంటారు. ఇరవై రెండేళ్లలో ఆయన నోటినుంచి ఎక్కువసార్లు వచ్చిన మాట "తొక్కకండి". గీత ఆరేదాకా దాని మీద కాకి వాలినా ఊరుకోడు. పెళ్లయిన కొత్తలో మా అక్క ఆయనకి క్యారేజీ తీసుకెళ్లి, తెలియక పచ్చిగీత దాటబోతే, అంత దూరంనుంచి "తొక్కకు!" అని కేకేశాడట. అక్క క్యారేజీ అక్కడే పెట్టేసి వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చేసింది. ఆ కేక సంగతి నెలకొకసారైనా ఇప్పటికీ ఎత్తుతుంది.

నేను వెల్డింగు పని చేస్తాను. తలుపులు, కిటికీలు, గేట్లు. బావ సున్నపు బండి నేను కట్టిందే. పాత డ్రమ్ము, చంటిపిల్లల తోపుడుబండి చక్రాలు, అడుగున ఒక గొట్టం. అందుకే ఇదంతా దగ్గరుండి చూశాను.

నిజానికి ఆ శుక్రవారం సున్నం కలపాల్సిన అవసరమే లేదు. జబ్బు ఊరంతా తిరుగుతున్న రోజులు. బళ్లు తెరిచారు గానీ ఆటలు ఆపేశారు. అయినా బావ శుక్రవారం వస్తే సున్నం నానబెట్టేవాడు, శనివారం గీతలు గీసేవాడు.

"ఎవరి కోసం బావా?" అన్నాను.

"గీయకపోతే నేల మరిచిపోతుంది."

అప్పుడే ఆటల మాస్టారు వచ్చి, గేటు దగ్గరే ఆగి, మాస్కు లోంచి అరిచాడు. "బాబాయ్! పైవారం ఇక్కడికి కూరగాయల మార్కెట్టు వచ్చేస్తుందట!"

బావ చేతులు ఆగాయి. "ఇక్కడికంటే?"

"ఇక్కడికే. ఇప్పుడున్న సందులో జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారని హెల్త్ ఆఫీసు వాళ్లు జాగా వెతుకుతున్నారు. ఆటలు లేవు కదా, మన స్థలం ఖాళీ అని రాసుకున్నారు."

"ఖాళీ అని ఏ కళ్లతో చూశార్రా నాయనా?"

"ఒక్క దారుంది. గురువారం లోపు ఆటలకి అనుమతి ఇస్తే మార్కెట్టు బస్సు డిపో వెనక్కి పోతుంది. ఇవ్వకపోతే ఇక్కడికే. రెండొందల తోపుడుబళ్లు, లారీలు."

బావ తొట్టి మీద గుడ్డ విప్పి, పిండి, నాలుగు మడతలు పెట్టాడు. ఆయన మనసులో ఏముందో నాకు తెలుసు. ఆ స్థలం ఆయన చేతికొచ్చినప్పుడు ఒకవైపు గుంట, ఒకవైపు దిబ్బ. గంపలతో మట్టి మోసి, రోలరు లాగి, వాన వెలిసిన ప్రతిసారీ చాళ్లు పూడ్చి, పిల్ల చెప్పుల్లేకుండా పరిగెత్తినా కాలికి రాయి తగలకుండా చేశాడు. తడినేల మీద లారీ ఒక్క వారం తిరిగితే చాలు, అదంతా పోతుంది. మళ్లీ చేద్దామంటే ఆయనకి ఉద్యోగం మిగిలింది రెండేళ్లు.

హెల్త్ ఆఫీసు సమావేశాల గదికి పద్నాలుగు కిటికీలు. గాలి ఆడేలా తలుపులు తీసి ఉంచండని ఊరంతటికీ చెప్పే ఆఫీసులో ఆ పద్నాలుగులో ఒక్కటీ తెరుచుకోదు. ఏటేటా రంగు మీద రంగు వేసి అతికించేశారు. వాటిని ఊడదీసే పని నాకిచ్చారు. మంగళవారం పొద్దున నేను ఉలీ సుత్తీ పట్టుకుని రెండో కిటికీ దగ్గర ఉండగా, అదే గదిలో ఆటల మీద సమావేశం మొదలైంది.

బల్ల పొడుగ్గా ఉంటుంది, రెండు కొసలూ గుండ్రంగా. దాని తలవైపు డాక్టరమ్మ. ఆఫీసుకి పెద్ద ఆవిడే. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒకపక్క శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఇంకోపక్క లెక్కల గుమాస్తా. గుమాస్తా ముందు పట్టికలు. ఏ ఆటలో ఎన్నడుగుల దూరం, ఎన్ని నిమిషాలు, ఎన్ని శ్వాసలు, అన్నీ గడులు గీసి పెట్టుకున్నాడు. ఆటల మాస్టారు అవతలి కొసన కూర్చున్నాడు.

"అన్నిట్లోకీ క్షేమం చదరంగం మేడమ్," అన్నాడు గుమాస్తా. "పరుగు లేదు, ఆయాసం లేదు. దానికి ఇచ్చేద్దాం."

డాక్టరమ్మ కలం తీసింది.

"ఇద్దరూ ఎదురెదురుగా రెండడుగుల దూరంలో గంటన్నర కూర్చుంటారండీ," అన్నాడు ఆటల మాస్టారు.

కలం మూసింది. చదరంగం పోయింది.

"తాడు లాగే ఆట?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తాడు పొడుగు పెంచి, మనిషికీ మనిషికీ ఆరడుగులు పెడితే?"

"అటు పదిమంది, ఇటు పదిమంది. తాడు గేటు దాటి రోడ్డు మీదకి పోతుంది సార్."

"రోడ్డు మీద వద్దు. అది ట్రాఫిక్ వాళ్లది."

"ఎత్తు దూకడం చూడండి," అన్నాడు గుమాస్తా. "ఒక్కడే పరిగెత్తుతాడు, ఒక్కడే దూకుతాడు."

"పడే పరుపు మాత్రం అందరికీ ఒకటే," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దూకినప్పుడల్లా కడిగేద్దాం."

"అది ఆరాలంటే రెండు రోజులండీ," అన్నాడు మాస్టారు. "ముప్పై మంది దూకేసరికి సగం మందికి పెళ్లిళ్లైపోతాయి."

ఆ తర్వాత ఈల మీద అరగంట. మాస్కు తీసి ఈల ఊదకూడదు. మాస్కు మీంచి ఊదితే మోగదు. మాస్టారు మాస్కు లోపల పెట్టుకుని ఊది చూపించాడు. ఈల మోగింది గానీ మాస్కు బూరెలా పొంగి, కళ్లజోడు మసకబారి, ఆయన కుర్చీ వెతుక్కుంటూ గోడ పట్టుకున్నాడు. ఈలకు బదులు చప్పట్లు అని రాసుకున్నారు.

ఇంత మాట్లాడారు కదా, మధ్యాహ్నానికి ఆ గదిలో ముందుకు సాగిన పనల్లా ఐదు కిటికీలు.

నవ్వుకున్నాను గానీ, వాళ్లని తప్పుపట్టను. మాటల మధ్య డాక్టరమ్మ ఫోను నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ ఆసుపత్రి నుంచే. నాలుగోసారి పెట్టేశాక ఆవిడ పట్టికలు పక్కకి జరిపింది. "ఒకే ఇంట్లోవాళ్లు ముగ్గురు. పడకలు రెండే ఉన్నాయట," అంది. నేను సుత్తి ఆపాను.

చివరికి మిగిలింది పరుగు. ఒక్కో పందేనికి ముగ్గురే, మధ్యన ఆరడుగుల ఎడం. గుమాస్తా అప్పటికప్పుడు బొమ్మ గీశాడు. ఒకదాని లోపల ఒకటిగా మూడు బాటలు, బయలుదేరే చోట అడ్డంగా ఒకే ఒక గీత.

"అసలు స్థలం కొలతలు ఎక్కడ?" అంది డాక్టరమ్మ.

"ప్లాను లేదండీ," అన్నాడు మాస్టారు. "కొలతలన్నీ సున్నం బాబాయ్ దగ్గరే ఉంటాయి."

"అయితే రేపు ఆయన్నే తీసుకురండి."

బుధవారం బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చేతులు ఎంత తోమినా గోళ్లలో తెలుపు అలాగే ఉంది. చేతిలో కొలిచే టేపు లేదు. ఇనుప తీగ చుట్ట ఉంది, రెండు కొసలా కడియాలు. ఆటస్థలంలో ఆ కొసా ఈ కొసా నేలలో పాతిన రెండు మేకులున్నాయి. తీగ కడియం మేకుకి తగిలించి చుట్టూ తిరిగితే వంపులు వస్తాయి. ఆ మేకులు ఎక్కడున్నాయో బావకి తప్ప ఎవరికీ తెలియదు. నాకూ చెప్పలేదు.

"బాట వెడల్పెంత?" అన్నాడు గుమాస్తా.

"తీగలో ఉంటుందండీ."

"అంకెల్లో?"

"మీకెంత కావాలో చెప్పండి. తీగ అంత చేస్తాను."

గుమాస్తా బొమ్మ ముందుకు తోశాడు. బావ దాని మీద మూడు బాటల వెంటా వేలు తిప్పాడు.

"ఇలా నిలబెడితే బయటివాడు చచ్చినా గెలవడండీ."

"అదేమిటయ్యా? ముగ్గురినీ ఒకే గీత మీద నిలబెట్టాం. ఇంతకంటే న్యాయం ఏముంటుంది? ఒకణ్ని ముందుంచి ఒకణ్ని వెనకుంచితే రేపు పిల్లల అమ్మానాన్నలు నా మీదకి రారా? ఆఫీసు పక్షపాతం చూపించిందంటారు."

బావకి వాదించడం రాదు. బల్ల చుట్టూ ఒకసారి చూశాడు. "అమ్మా, ఒకసారి కుర్చీలు తీయించండి," అన్నాడు డాక్టరమ్మతో.

కుర్చీలు తీశాం. బల్ల అంచుకి ఆనుకుని ఇన్‌స్పెక్టరుని నిలబెట్టాడు. ఆరడుగులు కొలిచి ఆటల మాస్టారుని. ఇంకో ఆరడుగులు కొలిచి, గోడవార గుమాస్తాని. ముగ్గురూ ఒకే గీత మీద. "పరిగెత్తొద్దు. నా చప్పట్లకి ఒక్కో అడుగు వేయండి. ముందు కాదు, వెనక కాదు," అని చప్పట్లు మొదలుపెట్టాడు.

బల్ల చుట్టూ ముగ్గురూ నడిచారు. మొదటి వంపులోనే ఇన్‌స్పెక్టరు ముందుకుపోయాడు. రెండో వంపు తిరిగి ఆయన బయలుదేరిన చోటికి వచ్చేసరికి మాస్టారు ఇంకా వంపులోనే ఉన్నాడు. గుమాస్తా నా తొమ్మిదో కిటికీ దగ్గర ఉన్నాడు.

"ఆగండాగండి! ఇదేం అన్యాయం?" అన్నాడు గుమాస్తా, చెమట తుడుచుకుంటూ. "నేను వీళ్లకన్నా ఎక్కువ నడిచాను!"

"ఆ బొమ్మ గీసిందెవరు?" అంది డాక్టరమ్మ.

గుమాస్తా మాస్కు సర్దుకున్నాడు. ఇన్‌స్పెక్టరుకి మాత్రం జన్మలో మొదటిసారి పందెం గెలిచినంత సంతోషం. "ఇంకోసారి నడుద్దామా?" అన్నాడు.

"ఒక చుట్టుకి రెండోవాణ్ని పదకొండున్నర మీటర్లు ముందు పెట్టాలండీ," అన్నాడు బావ. "మూడోవాణ్ని అంతకు రెట్టింపు. అప్పుడే ముగ్గురికీ ఒకే పరుగు."

డాక్టరమ్మ ముందుకు వంగింది. "అంటే, బయలుదేరేటప్పుడు ఒకళ్ల పక్కన ఒకళ్లు ఉండనే ఉండరా?"

"ఉండరమ్మా."

"మూడు రోజులుగా నేను దాని గురించే కదయ్యా బెంగపడుతున్నది!" అని నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు. కానీ వెంటనే నవ్వు పోయింది. "బయలుదేరడం సరే. పరుగయ్యాక? గీత దాటగానే పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి, వాటేసుకుని, నోళ్లు తెరిచి రొప్పుతారు. మీ గీతల్ని వైరస్ చదవదు కదా బాబాయ్?"

"పిల్లలు చదువుతారమ్మా."

"గెలిచిన పిల్ల ఆగుతుందా?"

తెలియనిది తెలియదనే మనిషి బావ. "ఇప్పుడు చెప్పలేనమ్మా," అన్నాడు.

"రేపు పది గంటలకి నేను నిర్ణయం రాయాలి."

సాయంత్రం నేను వెళ్లేసరికి బావ వంటింటి గట్టు మీద దారం పరిచి, అక్క తోమి బోర్లించిన మూతల్ని మూడింటిని దానివెంట జరుపుతున్నాడు. మూతలు బాగానే పరిగెత్తుతున్నాయి. చివరికొచ్చాక ఎటూ పోలేక ఒకదానికొకటి తగులుతున్నాయి.

"మూతలు ఇటిస్తావా, నన్నే ఇంకో ఇంట్లో వండుకోమంటావా?" అంది అక్క.

"ఆగవే. ఇక్కడికొచ్చాక వీళ్లు గుంపవుతున్నారు."

"అవకేం చేస్తారు? బస్సు దిగినవాళ్లు చూడు, తలుపు దగ్గరే కుప్పగా నిలబడిపోతారు. ఎటు పోవాలో తెలిస్తే ఎవరి దారిన వాళ్లు పోతారు. అక్కడిదాకా గీత గీశావు, ఆ తర్వాత గీత లేదు. నీ గీత లేనిచోట వాళ్లిష్టం మరి."

బావ మూత చేతిలో పట్టుకుని అక్క వంక చూశాడు.

"ఏంటలా చూస్తావు? మూతివ్వు."

ఇవ్వలేదు. దారాన్ని మూడు ముక్కలు తెంపి, చివరి గీత నుంచి మూడువైపులకీ విసనకర్ర పుల్లల్లా పరిచాడు. ఒక్కో దారం కొసన ఒక్కో మూత పెట్టాడు. అలా పెట్టాక మూడూ ఒకదానికొకటి అందనంత దూరంలో ఉన్నాయి. ఆ పూట మేము మూతల్లేకుండా వండిన అన్నం తిన్నాం. కొంచెం పలుకుగానే ఉంది. బావ గమనించలేదు.

గురువారం తెల్లారేసరికి ఆయన మైదానంలో ఉన్నాడు. నేను బండి చక్రాలకి నూనె వేశాను, అంతే. తక్కినదంతా ఆయనే. మేకుల మీది మట్టి తుడిచాడు, తీగ తగిలించాడు, బండి తోశాడు. మూడు బాటలు, ముందూ వెనకగా మూడు బయలుదేరే గీతలు, ఒక చివరి గీత. అక్కడితో ఆగకుండా చివరి గీత దాటి, విసనకర్రలా విడిపోతూ ముప్పై అడుగుల మేర మూడు గీతలు. ఒక్కో గీత కొసన మనిషి కాళ్లు చాపుకుని కూర్చునేంత గుండ్రం. ఇరవై రెండేళ్లలో అలాంటి గీతలు ఆయన గీయలేదు. ఎవరైనా గీయగా నేనూ చూడలేదు.

తొమ్మిదింటికి డాక్టరమ్మ జీపు దిగి, ఫోనులో మాట్లాడుతూ నేరుగా లోపలికి నడిచొచ్చింది. ఇన్‌స్పెక్టరూ గుమాస్తా వెనకాల. ఆవిడ పాదం మూడో బాట గీత మీద పడబోతోంది.

"తొక్కకండి!"

ఆ కేకకి గోడ మీద పావురాలు లేచిపోయాయి. డాక్టరమ్మ ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు ఎందుకో చేతులు రెండూ పైకెత్తేశాడు. బావ మొహం సున్నం కన్నా తెల్లబడింది. ఊళ్లో ఉద్యోగాలన్నీ ఆవిడ సంతకం చుట్టూ తిరుగుతున్న రోజులు. "అయిపోయింది, ఇక సున్నంలోకి ఎముక కూడా మిగలదు," అనుకున్నాను.

డాక్టరమ్మ కాలు వెనక్కి తీసుకుంది. కింద చూసుకుంది. పచ్చిగీత, చెప్పుకొనకి వేలెడు దూరంలో.

"క్షమించాలమ్మా," అన్నాడు బావ. "ఇంకా ఆరలేదు."

"ఎంతసేపట్లో ఆరుతుంది?"

"ఈ ఎండకి ముప్పావు గంటమ్మా."

ఊరంతటికీ ఆజ్ఞలిచ్చే మనిషి ఆ ముప్పావు గంటా గేటు పక్కన ఇటుకల మీద కూర్చుంది. ఫోను రెండుసార్లు మోగింది. మాట్లాడింది. మళ్లీ వచ్చి అదే ఇటుక మీద కూర్చుంది. గీతల మీద అడుగు వేయలేదు.

ఆరాక, "పిల్లలకన్నా ముందు పెద్దలు," అని ఇన్‌స్పెక్టరునీ, మాస్టారునీ, గుమాస్తానీ బాటల్లో నిలబెట్టింది. ఈసారి గుమాస్తా వెతుక్కుని మరీ బయటి బాటలో నిలబడ్డాడు. అదే కదా అందరికన్నా ముందున్నది. డాక్టరమ్మే చప్పట్లు కొట్టింది.

మాస్టారు పరిగెత్తాడు. ఇన్‌స్పెక్టరు సగందాకా పరిగెత్తి, తక్కిన సగం తనిఖీకి వచ్చినవాడిలా నడిచాడు. గుమాస్తాని చూస్తే మాత్రం జాలేసింది. రెండో వంపులో ఆయన జేబులోంచి కలాలు రాలిపోతున్నా ఆగలేదు. ఇన్‌స్పెక్టరుని దాటాడు. చివరి గీత దాటాడు. దాటాక ఎవరూ చెప్పకుండానే, కాళ్లముందు ఉన్న గీత వెంటే పోయి, తన గుండ్రంలో వెల్లకిలా పడిపోయాడు. మాస్టారు తన గుండ్రంలో, ఇన్‌స్పెక్టరు తన గుండ్రంలో. ముగ్గురూ నోళ్లు తెరిచి రొప్పుతున్నారు గానీ ఎవరి ఊపిరి వాళ్ల దగ్గరే ఉంది. ఇన్‌స్పెక్టరు ఆయాసపడుతూనే టేపు విసిరాడు. గుమాస్తా పడుకున్నచోటే దాని కొస పట్టుకున్నాడు. ఇద్దరికీ మధ్య ఇరవై అడుగుల పైచిలుకు.

"గుండ్రం గీత ఎందుకు దాటలేదు?" అని గుమాస్తాని అడిగింది డాక్టరమ్మ.

"దాటితే... ఆయన... అరుస్తాడు మేడమ్," అన్నాడు గుమాస్తా.

ఆవిడ కాగితం సున్నపు డ్రమ్ము మీద పెట్టుకుని రాసింది. పరుగు ఒక్కటే. పందేనికి ముగ్గురు. చూసేవాళ్లు వద్దు. ఎవరికైనా జ్వరమొస్తే ఆ రోజే అన్నీ ఆపాలి. రాశాక బావ వైపు తిరిగింది. "నిన్నటిదాకా వద్దనే రాద్దామనుకున్నాను. పొద్దున్న కాలు గాల్లో పెట్టుకుని నిలబడ్డాక మనసు మారింది. నేనే ఆగాను, పిల్లలు ఆగరా? అయితే బాబాయ్, ప్రతి పందేనికీ మీరు ఇక్కడ ఉండాలి."

"ఎక్కడికి పోతానమ్మా?" అన్నాడు బావ.

మార్కెట్టు బస్సు డిపో వెనక్కి పోయింది. శుక్రవారమంతా మా బావ మళ్లీ మొదటినుంచి గీశాడు. గురువారం గీసినవి తొందర్లో గీసినవట, ఒకచోట అతుకు ఉందట. నేను వంగి చూశాను, అక్క వచ్చి చూసింది, మా ఇద్దరికీ కనబడలేదు. అక్క ఈసారి క్యారేజీ తెచ్చి గేటు బయటే నిలబడి, "అరవకుండా నువ్వే వచ్చి తీసుకో," అంది. ఆయన చేతులు కడుక్కుని వెళ్లి తీసుకున్నాడు. "నువ్వు చెప్పిన గీతలే అవి, చూడు," అని విసనకర్ర వైపు చూపించాడు. అక్క చూసి, "నా మూతలకన్నా పెద్దగానే ఉన్నాయి," అని వెళ్లిపోయింది.

శనివారం పొద్దున మొదటి ముగ్గురు ఆడపిల్లలు గేటు దగ్గర నిలబడ్డారు. ఆరడుగుల చొప్పున. ఎవరూ లోపలికి అడుగు పెట్టలేదు. బావ వంగి, మూడు బాటల్లోనూ ఒక్కోచోట చిటికెనవేలు ఆనించి, వేలు ఎండకి పెట్టి చూసుకున్నాడు. వేలికి ఏమీ అంటలేదు. తీగ చుట్ట భుజానికి తగిలించుకుని, గేటు తాళంచెవి ఆటల మాస్టారు చేతిలో పెట్టాడు.

"ఆరింది మాస్టారూ," అన్నాడు. "ఇక తొక్కండి."